ప్రభుత్వపు పూచీ - పల్లెటూరి పెట్టుబడి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నేను ఏ ప్రబంధమును గూర్చియో మాట్లాడుదునని కార్యదర్శిగారు అనుకొనిరి. ఆ కోరిక నాకును లేకపోలేదు. అయితే ఈ పఠన మందిరమునకు పత్రికలు చదువ వచ్చువారు కొంతకాలముగా నన్ను అడుగుచున్న ప్రశ్నలు వేరు. "మన అప్పుకు గవర్నమెంటే జామీనట గదా, మనం కట్టకపోయినా బ్యాంకుకు నష్టం లేదట గదా" అని ఒకరు. "తాకట్టు అక్కర్లేదని పేపర్లో వేశారు, బ్యాంకులో మాత్రం పొలం కాగితాలు తెమ్మన్నారు" అని ఇంకొకరు. లెక్కలు వ్రాయువాడను గనుక నన్ను అడుగుదురు. ఒక్కొక్కరికి గడపవద్ద నిలబడి చెప్పుచున్న దానిని అందరి ఎదుట ఒకమారు చెప్పుట మేలని తోచి, ఈ విషయమునే ఎంచుకొంటిని.

అప్పుల సంగతి సాహిత్యమునకు దూరమని కొందరి తలంపు. అది సరి కాదు. తిక్కన కాలమువాడైన కేతన విజ్ఞానేశ్వరీయమను పేర ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలో వ్రాసెను. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్య దానికి మూలము. 13వ శతాబ్దమునందే తెలుగు కవి తగవులను, తీర్పులను పద్యమున కెక్కింపదగిన వస్తువులుగా ఎంచెనన్నమాట.

ఆ స్మృతిలో జామీనుదారునకు ప్రతిభువు అని పేరు. ప్రతిభువులు మూడు తెఱగులవారు. అప్పు తీసికొన్నవానిని పిలిచినపుడు తెచ్చి నిలబెట్టెదనని పూచీపడువాడు ఒకడు. వీడు నమ్మదగినవాడని మాట ఇచ్చువాడు రెండవవాడు. వాడు తీర్చనిచో నేను తీర్చెదనని ఒప్పుకొనువాడు మూడవవాడు. మొదటి ఇద్దరును మరణించినచో వారి కొడుకులపై ఆ భారము పడదు. మూడవవాని కొడుకులపై పడును. అంతేకాదు. జామీను నిలిచినవాడు నలుగురి ఎదుట సొమ్ము చెల్లింపవలసి వచ్చినచో, అసలు బాకీదారు అతనికి రెట్టింపు తిరిగి ఈయవలెను. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు ముందు పని ఉన్నది.

వడ్డీ సంగతియు ఆ స్మృతిలో కలదు. తాకట్టు ఉన్న అప్పునకు నెలకు ఎనుబదవ వంతు, అనగా మన లెక్కలో నూటికి రూపాయింపావలా. తాకట్టు లేనిచో అంతకంటె హెచ్చు. ఆ హెచ్చును వర్ణమును బట్టి మార్చిరి. అది మనము వదలివేయవలసిన భాగము. కౌటిల్యుడును అర్థశాస్త్రమున మామూలు అప్పునకు నూరు పణములకు నెలకు పణమున్నర పాతిక కాదు, సరిగా అదే పణముంబావు అనెను. వర్తకపు అప్పునకు అయిదు పణములు, అడవి దారుల పోవువారికి పది, సముద్రముపై పోవువారికి ఇరువది. ఎక్కడ సొమ్ము పోవునను భయము హెచ్చో అక్కడ వడ్డీ హెచ్చు. బ్యాంకు మేనేజరు ఈనాడు వేయు లెక్కయు ఇదియే. పొలము గాని బంగారము గాని లేక, బడ్డీకొట్టో కుట్టుమిషనో పెట్టుకొందునని వచ్చినవాడు ఆయన కంటికి అడవి దారిన పోవు బాటసారివలె కనబడును. హెచ్చు వడ్డీ వేయుటకు ఆయనకు అధికారము లేదు గనుక, అప్పే లేదని పంపివేయును. ఆ బాటసారి తిన్నగా రోజువారీ ఫైనాన్సువాని వద్దకు పోవును.

అక్కడ ఏమి జరుగునో లెక్క చూడుడు. 10,000 రూపాయలకు కాగితము వ్రాయించుకొని 1,500 ముందే పట్టుకొని 8,500 చేతిలో పెట్టుదురు. దినమునకు 100 చొప్పున 100 దినములు వసూలు చేయుదురు. నూరు దినములకు 1,500 అనిన పెద్ద మాటగా తోచదు. కాని మొదటి దినమునుండియే అసలు తరిగిపోవుచున్నది గదా! సగటున ఆ మనిషి వాడుకొన్నది 4,250 మాత్రమే. దానిపై 1,500 అనగా నూరు దినములకు 35 శాతము, సంవత్సరమునకు 125 శాతమునకు పైమాట. కౌటిల్యుడు సముద్రవర్తకునకు విధించిన వడ్డీకి ఇది సగమే గాని, ఆ వర్తకుడు ఓడనిండ సరకుతో తిరిగివచ్చువాడు. మనవాడు అమ్మునది ఇడ్లీ.

ఈ చోటనే ప్రభుత్వపు పూచీ అవసరమైనది. రాజు అప్పిచ్చుట క్రొత్త కాదు. క్రొత్తగా ఊళ్ళు నెలకొల్పినపుడు సేద్యము చేయువారికి ధాన్యము, పశువులు, ధనము ఇచ్చి, వారు సుఖముగా తిరిగి తీర్చునట్లు చూడవలెనని కౌటిల్యుడనెను. ఆ వెంటనే, బొక్కసమును పెంచు అనుగ్రహములే చేయవలెను, తరుగజేయునవి కూడదనియు హెచ్చరించెను. మన దేశపు ఋణ పథకములన్నియు ఈ రెండు మాటల నడుమ ఊగిసలాడుచు వచ్చినవి.

బ్రిటిషువారి కాలమున 1883, 1884 చట్టముల క్రింద తక్కావి అప్పులుండెను. మద్రాసు ప్రభుత్వము కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరపులోని, ముఖ్యముగా జర్మనీలోని, గ్రామ పరపతి సంఘములను పరిశీలించి 1895, 1897లలో నివేదిక ఇచ్చెను. ఇరుగుపొరుగువారే ఒకరికొకరు పూచీ అనునది ఆ సంఘముల కట్టుబాటు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020లో అది యూనియన్ బ్యాంకున విలీనమైనది. ఆ పేరు బోర్డుపై కనబడనందుకు నాకు ఇప్పటికిని మనసున వెలితియే. ఇంత జరిగినను 1951-52లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేవారు లెక్క తీయగా తేలినదేమి? సేద్యగాండ్రు తెచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో ప్రభుత్వము ఇచ్చినది 3, సహకార సంఘములు ఇచ్చినది 3, బ్యాంకులు ఇచ్చినది ఒక రూపాయికి లోపు. వడ్డీవ్యాపారులది దాదాపు 70.

తరువాత 1960లో చిన్న పరిశ్రమల అప్పులకు కేంద్ర ప్రభుత్వము హామీ పథకము పెట్టి, నిర్వహణ రిజర్వు బ్యాంకునకు అప్పగించెను. 1969లో 14 బ్యాంకులు, 1980లో మరి 6 బ్యాంకులు జాతీయమైనవి. 2000లో కేంద్ర ప్రభుత్వము, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు కలిసి పరపతి హామీ ట్రస్టును స్థాపించినవి. 2015 ఏప్రిల్ 8న ముద్రా పథకము వచ్చెను. 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర, 10 లక్షల వరకు తరుణ అని పేర్లు పెట్టిరి. 2024లో, తరుణ అప్పు తీసికొని తీర్చినవారికి 20 లక్షల వరకు ఈయవచ్చునని పెంచిరి. పదేండ్లలో 52 కోట్లకు పైగా ఋణములు, 32 లక్షల కోట్ల రూపాయలకు మించి మంజూరైనవని ప్రభుత్వము ప్రకటించినది. భాగించి చూచినచో ఒక్కొక్క ఋణము సగటున 62,000 చిల్లర. సంఖ్యలో ఎక్కువ భాగము శిశు తరగతివే. 52 కోట్ల ఋణములనగా 52 కోట్ల మనుషులు కారు. తీర్చి మరల తీసికొన్నవారు అందు అనేకులు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. ప్రభుత్వము జామీను ఎవరికి నిలిచినది? మనకు కాదు, బ్యాంకునకు. హామీ ట్రస్టు పద్ధతి ఇట్లుండును. బ్యాంకు ప్రతి సంవత్సరము ట్రస్టునకు రుసుము చెల్లించును. అప్పు మొండిబాకీ అయినచో, నియమిత కాలము గడచిన పిమ్మట, వసూలుకు తాను చేయవలసిన ప్రయత్నము చేసి, బ్యాంకు ట్రస్టును సొమ్మడుగును. ట్రస్టు మొత్తమంతయు ఈయదు. సాధారణముగా నాలుగింట మూడు వంతులు. కొన్ని తరగతులకు మరికొంత హెచ్చు. అదియు ఒక్కమారు కాదు. కొంత ముందు, కొంత వసూలు వ్యవహారము ముగిసిన పిదప. ఈ సొమ్ము బ్యాంకునకు ముట్టినంతమాత్రమున మన పద్దు చెల్లు కాదు. బ్యాంకు మనవద్ద వసూలు చేయుచునే ఉండవలెను. వసూలైన దానిలో ట్రస్టు వాటా ట్రస్టునకు పంపవలెను. యాజ్ఞవల్క్యుడు చెప్పినట్లు రెట్టింపు అడుగుట లేదు గాని, జామీనుదారు చెల్లించినచో బాకీ తీరిపోవునన్న మాట ఆనాడును లేదు, ఈనాడును లేదు. పైగా సిబిల్ లెక్కలో మన పేరు చెడును. రేపు పిల్లవాని చదువునకు అప్పు కావలసినపుడు ఈ చిన్న బాకీ అడ్డువచ్చును. శాఖలో ఇట్టి పద్దులు పదియైనచో, పదునొకండవ వానికి మేనేజరు కలము కదలదు. ఆ పదునొకండవవాడు మన వీధివాడే అయియుండును.

రెండవ ప్రశ్నకు జవాబు చిన్నది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల లోపు అప్పులలో తాకట్టు అడుగరాదని 2010లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించెను. కనుక పొలము కాగితములు అడిగినచో, వినయముగా, "ఆ మాట దరఖాస్తుపై వ్రాసి ఇవ్వండి" అని కోరుడు. నే నెరిగినంతలో వ్రాసి ఇచ్చినవారు లేరు. అయితే తాకట్టు అడుగరాదన్నంత మాత్రమున విచారణ చేయరాదని కాదు. వ్యాపారమేమి, నెలకు ఎంత వచ్చును, ఎంత పోవును అని అడుగుట వారి ధర్మము. దానికి జవాబు లేక తడబడువారే మనలో ఎక్కువ.

ఇప్పుడు ఒక పిల్లవాని సంగతి. ఊరు పేరు చెప్పను, మనిషి పేరు చెప్పను. కారం మిల్లు పెట్టదలచి హామీ ఋణమునకు దరఖాస్తు పెట్టెను. బుద్ధిమంతుడు, పనిమంతుడు. మిరపకోతలు మాఘమునుండి వేసవి వరకు సాగునని మీ రెరుగుదురు. మంజూరై యంత్రము దిగువరకు జ్యేష్ఠము వచ్చినది. కాయ యంతయు గుంటూరు యార్డుకో శీతల గిడ్డంగికో చేరిపోయినది. మిల్లు ఉన్నది, మిరప లేదు, కిస్తు మాత్రము మొదలైనది. మొదటి నాలుగు కిస్తులు రోజువారీ ఫైనాన్సులో తెచ్చి బ్యాంకునకు కట్టెను. నూటికి 12 వడ్డీ అప్పును నూటికి 125 అప్పుతో తీర్చుటన్నమాట. సంవత్సరము తిరుగకముందే యంత్రము సగము ధరకు పోయినది. పథకమున దోషము లేదు, పిల్లవానిలో దోషము లేదు. అదను తప్పినది. విత్తనమును ఏ కార్తెలో చల్లవలెనో తెలిసిన ఊరిలో, పెట్టుబడిని ఏ నెలలో అడుగవలెనో ఎవరును ఆలోచింపకపోవుట వింత.

ఆ మిల్లునే మనము కాగితముపై నడిపి చూతము. ఈ అంకెలు ఊహించినవి. మీ మీ ధరలు వేసికొని సరిచూచుకొనుడు. యంత్రమునకు 3 లక్షల అప్పు, నూటికి 12 వడ్డీ, 5 ఏండ్ల గడువు అనుకొందము. నెలకు కిస్తు దగ్గరదగ్గర 6,700, సంవత్సరమునకు 80,000. ఊరిలో 800 గడపలు, గడపకు ఏడాదికి 6 కిలోల కారం అనుకొన్నచో 4,800 కిలోలు. నేడు ఆ కారము చాలవరకు పొట్లములలో పట్నమునుండి వచ్చుచున్నది. మన చేనిలో పండిన కాయ మూటగా పోయి పొట్లముగా తిరిగివచ్చుచున్నది. కాయ ధరకు, పొట్లము ధరకు నడుమ కిలోకు 100 తేడా ఉన్నచో, ఏటేట 4,80,000 ఊరు దాటిపోవుచున్నట్లు. అందులో కరెంటు, తొడిమలు తీయు ఆడువారి కూలి, సంచులు, తరుగు పోగా సగము మిగిలినను కిస్తుకు మూడింతలు. ఇంతవరకు లెక్క కన్నుల పండువుగా ఉన్నది.

కాని ఏడాదికి సరిపడు కాయను కోతలనాడే కొని నిలువచేయవలెనన్నచో? క్వింటాలు 15,000 చొప్పున 48 క్వింటాళ్ళకు 7,20,000 కావలెను. యంత్రము ధరకు రెండింతలకు మించిన సొమ్ము! మనవారు యంత్రమునకే అప్పడుగుదురు, సరకునకు అడుగరు. బ్యాంకువారును యంత్రము కోటేషను చూచి ఇత్తురు. సరకు సంగతి ఎత్తరు. మిల్లులు మూతపడుట ఎక్కువగా ఈ గోతిలోనే. కనుక దరఖాస్తునాడే యంత్రమునకు ఒక అప్పు, సరకునకు క్యాష్ క్రెడిట్ అనబడు తీసి-కట్టు ఖాతా వేరుగా అడుగవలెను. ముద్రా పథకమున దీనికై కార్డు పెట్టిరి. లేదా మొదటి రెండేండ్లు సరకు కొనక, ఎవరి కాయ వారు తెచ్చుకొనగా కూలికి పట్టి ఈయవలెను. లాభము తక్కువ, నిద్ర సుఖము. నన్నడిగినచో ఈ రెండవ దారినే చెప్పుదును.

ఇక ఊరి అభివృద్ధి మాట. అప్పు తెచ్చిన ప్రతివాడును ఊరిని పెంచినట్లు కాదు. రెండు కిరాణా కొట్లు ఉన్న వీధిలో మూడవది వెలసినచో, పప్పు, ఉప్పు కొనువారు పెరుగరు. ఉన్న బేరము మూడు పాళ్ళగును. ముగ్గురును అరువు పోటీ పెట్టుకొని ముగ్గురును చిక్కిపోవుదురు. కాగితములపై మాత్రము ఒక క్రొత్త వ్యాపారము, ఒక క్రొత్త ఋణము నమోదగును. నేను కొట్టు పెట్టవద్దనుట లేదు. బయటికి పోవు రూపాయిని నిలుపునదో, బయటి రూపాయిని తెచ్చునదో, ఊరిలోని రూపాయిని పంచుకొనునదో, ఏది అని అప్పుకు ముందు ఒకమారు ఎవరికివారు ప్రశ్నించుకొనుడని మనవి. ట్రాక్టరు మరమ్మతు షెడ్డు మనకు లేదు. ప్రతి చిన్న పనికి పట్నము పోవుచున్నాము. నూనె గానుగ లేదు. పాలు పోయుచున్నాము గాని నెయ్యి కాచి అమ్మువారు లేరు.

చేతివృత్తులవారికి 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ పథకము మొదలైనది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, దర్జీ మొదలుగా 18 వృత్తులు. మొదట 1 లక్ష, అది తీర్చినచో 2 లక్షలు, వడ్డీ 5 శాతము, తక్కిన 8 శాతము ప్రభుత్వము భరించును, తాకట్టు లేదు. శిక్షణ, పనిముట్లకు 15,000 వరకు సాయము వేరు. వడ్డీ వ్యాపారి వాడుకలో ఇది నెలకు నూటికి అర్ధరూపాయి కూడ నిండదు. 2008లో వచ్చిన ఉపాధి కల్పన పథకమున పల్లెలవారికి 25 నుండి 35 శాతము సబ్సిడీ అని విని, ఆ సొమ్ము చేతికి వచ్చునని కొందరు సంబరపడిరి. అది మూడేండ్లు మన పేర బ్యాంకులోనే డిపాజిటుగా ఉండి, వ్యాపారము నడచుచున్నదని తేలిన పిదప అప్పులో జమపడును. మధ్యవర్తులు దానిలో వాటా అడిగినచో తలుపు చూపుడు.

మన ఆడువారి సంఘములను గూర్చి చెప్పకున్న అన్యాయమగును. 1992లో నాబార్డు సంఘములను బ్యాంకులతో కలిపెను. పదిమంది ఒకరికొకరు పూచీ. నికల్సన్ జర్మనీలో చూచినది మన అరుగులమీదికి నూరేండ్లకు వచ్చినది. 2004లో పావలా వడ్డీ అనగా నూటికి నెలకు నాలుగవ వంతు రూపాయి; యాజ్ఞవల్క్యుని లెక్కలో అయిదవ వంతు. అయితే అదే పరస్పర పూచీని ప్రైవేటు సూక్ష్మఋణ సంస్థలు వారపు వసూళ్ళకు కత్తిగా వాడినపుడు ఏమైనదో 2010లో చూచితిమి. ఒకే ఇంట మూడు నాలుగు అప్పులు, వాకిట కూర్చుండి అడుగుట, ఆత్మహత్యల వార్తలు. అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. వసూళ్ళు నిలిచినవి, దానితోబాటు అప్పులును నిలిచినవి. పక్కింటి అమ్మ పూచీ నిలుచుట మంచిదే. ఆ అమ్మకు ఇవతలి ఇంటి అప్పులెన్నో తెలిసియుండవలెను.

చివరగా నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. పాత కోమటి దుకాణములలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములుండెడివి. దినదినము వచ్చినదియు పోయినదియు చిట్టాలో. మనిషి మనిషికి, సరకు సరకుకు ఆవర్జాలో. నేడు ఫోనులో సొమ్ము పడగానే శబ్దమగుచున్నది గాని, సాయంకాలమునకు మిగిలినదెంతో చెప్పగలవారు లేరు. ఇంటి ఖర్చు, కొట్టు ఖర్చు ఒకే జేబులో. తాకట్టు లేని అప్పునకు బ్యాంకువాడు చూడగలిగినది ఈ పుస్తకమునే. ఆరునెలలు చిట్టా తప్పక వ్రాసినవాడు 2 లక్షలు అడిగినచో ఎందుకు అడుగుచున్నాడో అతనికే తెలియును, ఎదుటివానికిని తెలియును. యాజ్ఞవల్క్యుని రెండవ ప్రతిభువు, నమ్మదగినవాడని మాట ఇచ్చువాడు, ప్రభుత్వ పథకములలో ఎక్కడను లేడు. ఆ పని చిట్టాయే చేయవలెను.

కార్యవర్గమువారు అనుమతించినచో, ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిదినుండి పదునొకండు గంటలవరకు ఈ పఠన మందిరముననే తూర్పు బల్లవద్ద కూర్చుండెదను. చిట్టా వ్రాయుట నేర్చుకొనదలచినవారు రెండు గీతల పుస్తకము తెచ్చుకొనవలెను. అప్పు దరఖాస్తు పెట్టదలచినవారు కోటేషను, బ్యాంకు పుస్తకము, సరకు ఏ నెలలో కావలెనో వ్రాసిన కాగితము తేవలెను. ఖాళీ ఫారముపై ముందుగా సంతకములు చేసి మాత్రము తేవలదు. రుసుము ఏమియు లేదు.